భార లోహాలున్న నేలలో బాక్టీరియా కల్చర్ వేస్తే పంట నిజంగా బాగుపడుతుందా?

పచ్చఆకు:
అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మా చేనుకి చాలా ఏళ్లు ఫ్యాక్టరీల మురుగు కలిసిన నీళ్లే పారాయి. అప్పట్లో పంట ఏపుగా వస్తుంటే ఎవరూ ఏమీ అనుకోలేదు. ఈ మూడేళ్లుగా ఆకుకూరలు మొలిచిన రెండు వారాలకే ఎదుగుదల ఆగిపోతోంది, లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపెక్కుతోంది. పీకి చూస్తే వేర్లు పొట్టిగా, గోధుమ రంగులో, కొసలు మొద్దుబారి ఉన్నాయి, పిల్లవేర్లు దాదాపు లేవు. మట్టి పరీక్ష చేయిస్తే కాడ్మియం, నికెల్ రెండూ ఎక్కువని వచ్చింది. ఇప్పుడు కల్చర్లు అమ్మే ఒకాయన "ఇందులో ఉన్న బాక్టీరియా లోహాలను తినేస్తుంది, రెండు పంటలకల్లా నేల శుభ్రమైపోతుంది" అంటున్నాడు. నమ్మవచ్చా? ఈ చేలో పండిందే ఇంట్లో పిల్లలు తింటారు, అందుకే టెన్షన్‌గా ఉంది.

సూక్ష్మలోకం:
"తినేస్తుంది" అన్న మాట దగ్గరే తప్పు జరుగుతోందండీ. పురుగుమందు అవశేషమైతే అది కర్బన పదార్థం, బాక్టీరియా దాన్ని ముక్కలు చేసి వాడుకోగలదు. కాడ్మియం మూలకం. ముక్కలు చేయడానికి అందులో ఏమీ లేదు. బాక్టీరియా చేయగలిగిందల్లా ఆ లోహం ఏ రూపంలో ఉండాలి, దేన్ని పట్టుకుని ఉండాలి, నీటిలో కరిగి ఉండాలా గట్టిపడి ఉండాలా అన్నది మార్చడమే. ఇవాళ నేలలో ఉన్న కాడ్మియం రెండు పంటల తర్వాత కూడా దాదాపు అంతే ఉంటుంది.

అంతమాత్రాన కల్చర్ దండగ అని నేను అనను. మొక్కను కాపాడే బాక్టీరియా నిజంగానే ఉన్నాయి. 1998లో కెనడా శాస్త్రవేత్త బెర్నార్డ్ గ్లిక్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. నికెల్ పేరుకున్న మట్టి నుంచి క్లుయ్‌వేరా ఆస్కార్బేటా అనే బాక్టీరియాను వేరు చేసి కనోలా (ఆవ జాతి నూనె పంట) విత్తనాలకు పట్టించారు. మామూలుగా నికెల్ దెబ్బకు కుంగిపోవాల్సిన మొలకలు బాగా పెరిగాయి. కానీ అందులో చాలామంది చెప్పకుండా దాటేసే సంగతి ఒకటుంది. ఆ మొక్కల్లో నికెల్ తగ్గలేదు. వేరులోనూ కాండంలోనూ ఒక్కో మిల్లీగ్రాము పొడి బరువుకు ఎంత నికెల్ ఉందని లెక్కిస్తే, బాక్టీరియా పట్టించినా పట్టించకపోయినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొక్క బాగుపడింది, లోహం మాత్రం లోపలే ఉంది.

పచ్చఆకు:
ఇది చదివాక భయం ఇంకా పెరిగింది. లోహం అంతే ఉంటే మొక్క ఎలా బాగుపడింది మరి?

వేరుమూలం:
నేను చెప్తాను, ఇది నాకు బాగా ఇష్టమైన విషయం. లోహం వేరును నేరుగా దెబ్బతీస్తుంది, అది నిజమే. కానీ మనకు కనిపించే కుంగుబాటులో కొంత భాగం మొక్క తనకు తాను చేసుకునేది. కష్టం వచ్చినప్పుడు మొక్క ఇథిలీన్ వాయువు తయారుచేస్తుంది, కాయలను పండించే ఇథిలీనే. కొద్దిగా తయారైతే అది హెచ్చరికలా పనిచేసి రక్షణ వ్యవస్థను లేపుతుంది. కష్టం తగ్గకపోతే ఇథిలీన్ విపరీతంగా పెరిగి వేరు సాగడాన్నే ఆపేస్తుంది, ఆకులు ముందే ముదిరి రాలతాయి. ఈ ఇథిలీన్ తయారవడానికి ముందు మెట్టులో ఏసీసీ అనే పదార్థం ఉంటుంది. అందులో కొంత వేరు నుంచి బయటికి కారుతుంది. వేరు చుట్టూ ఉన్న కొన్ని బాక్టీరియాల దగ్గర ఏసీసీ డీఅమైనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ఏసీసీని విరిచి అమ్మోనియాగా, ఆల్ఫా కీటోబ్యుటిరేట్‌గా మారుస్తుంది. బాక్టీరియాకు నత్రజని దొరికింది, మొక్కకు ఇథిలీన్ ఒత్తిడి తగ్గింది. బయట ఏసీసీ తగ్గేకొద్దీ వేరు లోపలి నుంచి ఇంకా కారుతుంది, కారిందల్లా బాక్టీరియా లాగేసుకుంటూ పోతుంది. దాంతో వేరు మళ్లీ సాగుతుంది.

ఇంకోటి. మీరు రాసిన పసుపు, లేత ఆకుల్లో ఈనెల మధ్య వచ్చేది, చూడటానికి ఇనుప ధాతు లోపంలా ఉంటుంది. నికెల్, కాడ్మియం ఎక్కువైనప్పుడు నేలలో ఇనుము ఉన్నా మొక్క సరిగ్గా తీసుకోలేదు, ఎందుకంటే కాడ్మియం కూడా ఇనుము, జింకు వెళ్లే దారుల్లోంచే లోపలికి దూరుతుంది. సూడోమోనాస్ జాతివి కొన్ని సిడరోఫోర్ అనే పదార్థాలను వదులుతాయి, అవి మట్టిలోని ఇనుమును గట్టిగా పట్టుకుని నీటిలో కరిగేలా చేస్తాయి, దాన్ని మొక్క కూడా వాడుకోగలదు. పసుపు తగ్గడానికి ఇదొక కారణం.

సూక్ష్మలోకం:
వేరుమూలం గారు చెప్పిందంతా సరైనదే. కానీ పచ్చఆకు గారి ఇంట్లో పిల్లలు తినేది ఆకు. అందుకే ఒక్క మాట తేల్చి చెప్తాను: మొక్కను కాపాడటం వేరు, తినే భాగాన్ని కాపాడటం వేరు. రెండూ ఒకే కల్చర్‌తో జరగవచ్చు, జరగకపోనూ వచ్చు. జరగనప్పుడు మొదటి దానికంటే రెండోది ఎక్కువ ప్రమాదం. కుంగిన మొక్కను చూస్తే ఎవరూ కోయరు, పచ్చగా నిగనిగలాడేదాన్ని కోసి వండుకుంటారు. కాడ్మియానికి రుచి లేదు, వాసన లేదు, ఆకు మీద మచ్చ కూడా కనిపించకపోవచ్చు. ఒంట్లోకి వెళ్తే మూత్రపిండాల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. జపాన్‌లో జింజూ నది నీళ్లతో పండిన వరి తిన్నవాళ్లకు ఇటాయ్ ఇటాయ్ జబ్బు వచ్చింది, గని నుంచి వచ్చిన కాడ్మియమే కారణమని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. ఎముకలు పెళుసుబారి నొప్పితో అల్లాడేవాళ్లు, ఆ పేరుకు అర్థమే "నొప్పి నొప్పి" అని. అంతకు ముందు ఎన్నో ఏళ్లు ఆ అన్నమే తిన్నారు కదా వాళ్లు.

నల్లరేగడి:
నా అనుభవం రాస్తాను, మీకు పనికొస్తుందేమో. నా నేలలోనూ కాడ్మియం ఉంది. భాస్వరాన్ని కరిగించే కల్చర్ ఒకటి కొని పెరట్లో పది కుండీల్లో పాలకూర వేశాను, ఐదింటికి కల్చర్ పోశాను, ఐదింటికి పోయలేదు. నెల తిరిగేసరికి తేడా కంటికి కనిపించింది, పోసిన వాటి ఆకు అరచేయంత వెడల్పు, పోయనివి బొటనవేలంత. ఆనందపడ్డాను. రెండింటి ఆకులూ కడిగి ఆరబెట్టి పరీక్షకు పంపితే పోసిన వాటిలోనే కాడ్మియం ఎక్కువ వచ్చింది. ఆ కాగితం చూసిన రోజు అన్నం సయించలేదు. ఎందుకలా జరిగిందో అప్పుడు నాకు తెలియలేదు.

వేరుమూలం:
మీరు రాసింది చాలా ముఖ్యమైన విషయం నల్లరేగడి గారూ. భాస్వరం కరిగించే బాక్టీరియాల్లో చాలావాటి పద్ధతి ఒకటే, గ్లూకోనిక్ ఆమ్లం లాంటి సేంద్రియ ఆమ్లాలను వదిలి చుట్టూ పీహెచ్ తగ్గిస్తాయి. ఆమ్లానికి భాస్వరమొక్కటే కరిగి మిగతావి ఊరుకుంటాయా? మట్టి రేణువులకు అతుక్కుని ఉన్న కాడ్మియం, జింకు కూడా నీటిలోకి వస్తాయి. వేరు పక్కనే వస్తాయి. మొక్క తాగేస్తుంది. సిడరోఫోర్ కథా కొంతవరకు అంతే, ఇనుమునే కాక వేరే లోహాలనూ పట్టుకుంటుంది. అది మొక్కకు చేరవేస్తుందా, చేరకుండా అడ్డుకుంటుందా అన్నది ఆ లోహాన్ని బట్టి, మొక్కను బట్టి, మట్టిని బట్టి ఉంటుంది.

కాబట్టి కల్చర్ డబ్బా మీద "మొక్క పెరుగుదలకు మంచిది" అని ఉంటే చాలదు. ఇది లోహాన్ని కదిలించే రకమా, కట్టిపడేసే రకమా అని అడగాలి. కదిలించే రకాన్ని తిండి పంటకు వాడకూడదు. దానికి వేరే చోటు ఉంది, లోహాన్ని లాగి ఒంట్లో దాచుకునే మొక్కలు వేసి నేలను ఖాళీ చేయాలనుకునేవాళ్లకు అది పనికొస్తుంది.

పచ్చఆకు:
మరి కట్టిపడేసేవి ఎలా పనిచేస్తాయి? వాటి పేర్లు ఏమిటి?

సూక్ష్మలోకం:
పేర్ల కంటే పని ముఖ్యమండీ. ఒకే పేరున్న బాక్టీరియాలో కూడా ఒక్కో స్ట్రెయిన్, అంటే ఉపరకం, ఒక్కోలా ఉంటుంది. బాసిల్లస్ అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు.

కొన్ని తమ చుట్టూ జిగురు తయారుచేసుకుంటాయి. ప్లేటు మీద పెంచితే కాలనీ తేనె చుక్కలా మెరుస్తూ ఉంటుంది, సూదితో తాకి ఎత్తితే తీగలా సాగుతుంది. ఆ జిగురులో రుణావేశం ఉన్న చోట్లు బోలెడు, ధనావేశం ఉన్న కాడ్మియం, సీసం అక్కడ అతుక్కుపోతాయి. వేరు మీద ఆ జిగురు పొర, దానికి పట్టుకున్న మట్టి ఒక తొడుగులా ఏర్పడతాయి. బాక్టీరియా కణపు గోడకూ ఈ గుణం ఉంది, అది చచ్చిపోయినా కొంతవరకు పట్టుకుంటుంది. ఇంకొన్ని యూరియాను విరిచి కార్బొనేట్ పుట్టిస్తాయి, స్పోరోసార్సినా పాశ్చూరీ దీనికి పేరు పొందింది, కాల్షియం కార్బొనేట్ రాయిలా గట్టిపడేటప్పుడు కాడ్మియం కూడా అందులో చిక్కుకుంటుంది. గాలి ఆడని బురదలో సల్ఫేట్‌ను క్షయకరణం చేసేవి ఉంటాయి, అవి పుట్టించే సల్ఫైడ్‌తో కాడ్మియం కలిసి నీటిలో కరగని పదార్థం అవుతుంది. క్రోమియం విషయంలో ఇంకా చక్కటి పని జరుగుతుంది. ఆరు వేలెన్సీ క్రోమియం బాగా కరుగుతుంది, విషమూ ఎక్కువ, దాన్ని మూడు వేలెన్సీకి దించే బాక్టీరియాలున్నాయి, మూడు వేలెన్సీది మామూలు పీహెచ్‌లో పెద్దగా కదలదు.

మరి ఇవి బతికేదెలా అంటే, చాలావాటికి లోహాన్ని బయటికి తోసే పంపులుంటాయి. బెల్జియంలో ఒక జింకు ఫ్యాక్టరీ మడ్డిలో 1976లో దొరికిన క్యుప్రియావిడస్ మెటాలిడ్యురాన్స్ దీనికి మంచి ఉదాహరణ, కాడ్మియం, జింకు, కోబాల్ట్‌ను గెంటేసే పంపు తాలూకు జన్యువులు దాని ప్లాస్మిడ్ (ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్లగల చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉన్నాయి. కానీ చూడండి, గెంటేసిన లోహం మళ్లీ మట్టి నీళ్లలోకే వస్తుంది. లోహాన్ని తట్టుకునే బాక్టీరియా అన్నంత మాత్రాన మొక్కను కాపాడే బాక్టీరియా అని కాదు.

కొత్తచిగురు:
పరిశోధక విద్యార్థినిని. మా ల్యాబ్‌లో మట్టి నుంచి తీసిన ఒక బాక్టీరియా సీసాన్ని విపరీతంగా తట్టుకుంటోందని సంబరపడ్డాం. మీడియంలో సీసం నైట్రేట్ పోసినప్పుడల్లా పాలు విరిగినట్టు తెల్లగా అయ్యేది, సరేలే అనుకున్నాం. ఇందులో ఏమన్నా లోపం ఉందా?

సూక్ష్మలోకం:
అమ్మా, లోపం ఆ తెల్లటి మడ్డిలోనే ఉంది. మీడియంలో ఫాస్ఫేట్ ఉంటే సీసం దానితో కలిసి అడుగుకు దిగిపోతుంది. బాక్టీరియా తట్టుకున్నది మీరు పోసిన సీసాన్ని కాదు, కరిగి మిగిలిన కాస్తంత సీసాన్ని. ఫాస్ఫేట్ బాగా తగ్గించి, ట్రిస్ బఫర్‌తో చేసిన మీడియంలో మళ్లీ పెట్టి చూడండి. అంకె ఎంత కిందికి వచ్చినా దిగులు పడవద్దు, అదే నిజమైన అంకె. అలాగే సిడరోఫోర్ పరీక్షకు నీలం రంగు క్యాస్ ప్లేటు పెడతారు కదా, కాలనీ చుట్టూ నారింజ రంగు వలయం వస్తే ఇనుమును లాగుతోందని తెలుస్తుంది, కానీ కాడ్మియం ఉన్న మట్టిలో ఆ గుణం మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది ఆ ప్లేటు చెప్పదు. కుండీలో మొక్క పెంచి, తినే భాగాన్ని పరీక్షించాల్సిందే.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త, ఆ బాక్టీరియా ఏదో ముందు తేల్చుకోండి. మురుగు మట్టిలో బాగా పెరిగేవాటిలో సూడోమోనాస్ ఎరుజినోసా, క్లెబ్సియెల్లా లాంటివి తరచూ దొరుకుతాయి, అవి మనుషులకు జబ్బు తెచ్చేవి. పైగా లోహాలను తట్టుకునే జన్యువులు, యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద ఉండటం కొత్త కాదు. అలాంటిదాన్ని పెంచి చేలో చల్లడం మహా తప్పు.

మడిగట్టు:
వరి వేసేవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడందరూ కాడ్మియం గురించే మాట్లాడుతున్నారు, ఆర్సెనిక్ దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. మడిలో నీళ్లు నిలగడితే మట్టిలో గాలి పోతుంది, ఇనుప ఆక్సైడ్‌లను బాక్టీరియా కరిగిస్తుంది, వాటికి అతుక్కున్న ఆర్సెనిక్ విడుదలై నీళ్లలోకి వస్తుంది, సిలికా వెళ్లే దారిలోనే వేరులోకి దూరుతుంది. అదే నీళ్లలో కాడ్మియం సల్ఫైడ్‌గా మారి అణగి ఉంటుంది. మడిని ఆరగట్టారా, ఆర్సెనిక్ మళ్లీ ఇనుమును పట్టుకుంటుంది, కాడ్మియం లేచి కూర్చుంటుంది. గింజ పాలు పోసుకునే రోజుల్లో మడి ఆరితే కాడ్మియం గింజలోకి ఎక్కువగా చేరుతుంది. రెండూ ఉన్న నేలలో ఏది ఎక్కువో తెలియకుండా నీళ్ల సంగతి నిర్ణయించకూడదు. సున్నం కూడా అంతే, పీహెచ్ పెంచి కాడ్మియాన్ని అణుస్తుంది కానీ ఆర్సెనిక్‌ను కదిలించవచ్చు. ఆహార ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ పెట్టిన గరిష్ఠ హద్దు పాలిష్ బియ్యంలో కిలోకు కాడ్మియం 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు. హద్దు ఎంత చిన్నదో చూడండి.

పచ్చఆకు:
మా నేలలో ఆర్సెనిక్ హద్దులోనే ఉందని రిపోర్టులో ఉంది. పీహెచ్ 5.6. పప్పుజాతి పంట వేసి రైజోబియం పట్టిస్తే మేలా? నేల బలపడుతుందని ఒకరు అన్నారు.

వేరుమూలం:
రైజోబియం అంటే పప్పుజాతి వేర్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా, అది లోహాలకు చాలా సున్నితం. ఇంగ్లండ్‌లోని వోబర్న్‌లో 1942 నుంచి 1961 వరకు మురుగు మడ్డి ఎరువుగా వేసిన మళ్లు ఉన్నాయి. మడ్డి ఆపిన ఇరవై ఏళ్ల తర్వాత తెల్ల క్లోవర్ వేసి చూస్తే వేర్లకు బుడిపెలు వచ్చాయి, కానీ నత్రజని స్థిరీకరణ జరగలేదు. పనిచేసే రైజోబియం పోయి, పనికిరాని రకం మాత్రమే ఆ లోహాల మధ్య మిగిలింది. అంత కాలం తర్వాత కూడా! అందుకే బుడిపె ఉంది కదా అని సరిపెట్టుకోకండి, గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ, ఎరుపు రంగు ఉంటే పనిచేస్తోంది, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేదు. పైగా పీహెచ్ 5.6 అంటే మీ కాడ్మియం బాగా కదిలే స్థితిలో ఉంది. నన్నడిగితే ఏ కల్చర్ కంటే ముందు సున్నం, బాగా మాగిన సేంద్రియ ఎరువు. పీహెచ్ 6.5 దాటించండి. వేసే ఎరువులోనూ లోహాలు లేవని చూసుకోండి, కొన్ని ఫాస్ఫేట్ ఎరువుల్లో కాడ్మియం ఉంటుంది.

నల్లరేగడి:
కల్చర్ అసలు వద్దంటారా అయితే? నాకైతే ఆ అరచేయంత ఆకు ఇంకా కళ్లముందే ఉంది. ఆ శక్తిని సరిగ్గా వాడుకునే దారి ఉండాలి కదా.

సూక్ష్మలోకం:
వద్దని కాదు, దాని వంతు అది రావాలంటున్నాను. పీహెచ్ సరిచేసి, లోహాన్ని అణిచాక, ఏసీసీ డీఅమైనేజ్ ఉండి జిగురు తయారుచేసే రకం, ఆమ్లం వదలని రకం దొరికితే మిగిలిన ఒత్తిడి నుంచి వేరును అది ఆదుకుంటుంది. కుండీల్లో, అందులోనూ ఉడికించి శుద్ధి చేసిన మట్టిలో వచ్చిన ఫలితం చాలాసార్లు చేలో రాదు, ఎందుకంటే చేలో అప్పటికే పాతుకుపోయిన సూక్ష్మజీవులు కొత్తదాన్ని నిలవనీయవు, కొన్ని వారాల్లోనే సంఖ్య పడిపోతుంది. అందుకే అదే నేలలో పుట్టి పెరిగిన రకాలకు నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ.

పచ్చఆకు గారూ, మీరు చేయగలిగిన పరీక్ష చెప్తాను. మీ చేని మట్టే తీసుకోండి, ఉడికించకండి. ఒక వరస కుండీలకు ఏమీ వేయకండి. ఒక వరసకు సున్నం, ఎరువు. ఒక వరసకు సున్నం, ఎరువుతో పాటు కల్చర్. ఇంకో వరస తప్పకుండా ఉండాలి, అది సున్నం, ఎరువుతో పాటు మరిగించి చల్లార్చిన అదే కల్చర్. బాక్టీరియా చచ్చిపోయిన కల్చర్ కూడా అంతే మేలు చేసిందంటే, పని చేసింది అందులోని పోషకాలో, దాన్ని కలిపిన పొడో అని తెలుస్తుంది. వరసకు కనీసం ఐదు కుండీలు. రిపోర్టులో ఆకులోని గాఢతతో పాటు మొత్తం ఆకు బరువూ రాసుకోండి. మొక్క పెద్దదైతే గాఢత పలచబడి తక్కువ కనిపిస్తుంది, తగ్గిందని పొరపడతాం.

పచ్చఆకు:
రాసుకున్నాను. ఆ అమ్మేవాడికి ఫోన్ చేసి మీరు చెప్పినట్టే అడిగాను, కదిలించే రకమా కట్టిపడేసే రకమా అని. "అన్ని రకాలూ కలిపి ఉన్నాయండీ" అన్నాడు. భాస్వరం కరిగించేది కూడా ఉందా అంటే "ఉంది, అదే బలం" అన్నాడు. కొనలేదు. సున్నం, ఎరువు, కుండీలు ఈ వారమే మొదలుపెడతాను, సరైన కల్చర్ దొరికితే ఆ వరసలు తర్వాత కలుపుతాను. అప్పటిదాకా చేలో తిండి పంట వేయను, పూల మొక్కలు వేస్తాను, వాటిని ఎవరూ తినరు కదా. లోహాన్ని లాగే మొక్కలు వేయమంటారా పనిలో పనిగా?

వేరుమూలం:
పూలు మంచి ఆలోచన. లాగే మొక్కల సంగతి, నోకియా సెరులెసెన్స్ లాంటివి కాడ్మియాన్ని బాగా లాగుతాయి, కానీ మొక్క బెత్తెడు, బరువు తక్కువ. ఎక్కువ లోహం ఉన్న నేలను వాటితో ఖాళీ చేయాలంటే చాలా ఏళ్లు పడుతుంది. కోసిన మొక్కను కంపోస్టులో వేస్తే లోహం మళ్లీ నేలకే వస్తుంది, పశువులకు వేస్తే వాటి ఒంట్లోకి వెళ్తుంది. దాన్ని జాగ్రత్తగా పారేసే ఏర్పాటు లేకపోతే మొదలుపెట్టకండి. పూల మొక్కల చెత్త కూడా కూరమళ్లలో వేయొద్దు.

నల్లరేగడి:
ఒక చిన్న మాట. ఆకులు పరీక్షకు పంపేముందు బాగా కడగండి, కుళాయి నీళ్లతో రెండుసార్లు, చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి. నేను మొదటిసారి సరిగ్గా కడగకుండా పంపితే ఈనెల సందుల్లో ఇరుక్కున్న మట్టి కూడా లెక్కలోకి వచ్చింది, అంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. కోసే కత్తెర కూడా తుప్పు లేనిది తీసుకోండి. కుండీల కింద పళ్లేలు పెట్టి, కారిన నీళ్లు ఆ కుండీలోనే తిరిగి పోయండి.